ఏడో వరసలో ఒక చుక్క

ఆ పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. ఎండ లేదు, వాన లేదు. మబ్బు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మందాన పరుచుకుంది. కరెంటు స్తంభానికి నీడ లేదు. స్తంభం మొదట్లో పడుకున్న కుక్కకీ లేదు.

ఫోటోగ్రాఫర్ తలెత్తి చూశాడు. ఒకప్పుడు ఇలాంటి వెలుగు కనపడితే కాళ్ళు నిలిచేవి కావు. ఇప్పుడు మోకాళ్ళు సలుపుతున్నాయని మాత్రం తెలిసింది. భుజాన కెమెరా బ్యాగు, చంకలో భార్య ఇచ్చిన పార్సెల్.

"ఈసారైనా గుర్తుపెట్టుకుని పోస్టు చెయ్యండి. స్వెట్టరు వాడికి చేరేసరికి చలికాలం కాస్తా వెళ్ళిపోతోంది," అంది ఆమె గుమ్మంలో నిలబడి.

వాడంటే ఆమె తమ్ముడు. సరిహద్దు అవతల ఓడల కంపెనీలో గుమాస్తా అని ఆమె నమ్మకం. పదకొండేళ్ళుగా ఏటా ఒక స్వెట్టరు అల్లుతోంది. పార్సెల్ మీద అడ్రసు ఎప్పుడూ ఫోటోగ్రాఫరే రాస్తాడు. పోస్టు బాక్సు 4119, కింద ఊరి పేరు, అంతే. ఓడల కంపెనీ అనేదే లేదని ఆమెకి చెప్పే అధికారం అతనికి లేదు.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, ఇస్త్రీ బల్లకి అవతల బాబాయ్ కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌ని అందరూ బాబాయ్ అనే అంటారు. ఆయన అందర్నీ అబ్బాయ్ అంటాడు. ఫోటోగ్రాఫర్ యాభై రెండేళ్ళ అబ్బాయి.

"కూర్చో అబ్బాయ్. టీ?"

"వద్దు. సంగతేంటి?"

"మన టపా రిజిస్టరులోంచి ఏడు పోస్టు బాక్సు నంబర్లు పోయాయి. అవతల ఉన్న మనవాళ్ళు ఏడుగురివి. తీసినవాడు దొరికాడు. దొరికే లోపలే ఎవరికో అందించేశాడు."

ఫోటోగ్రాఫర్ పార్సెల్‌ని ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఏ ఏడు అని అడగలేదు. అవతల ఉన్నదే ఏడుగురు.

"ఆ నంబర్లు అటు చేరాయనుకో, వాళ్ళ పోలీసులు చెయ్యాల్సిన పనేం లేదు. పెట్టె పక్కన బెంచీ మీద కూర్చుంటారు. తాళం తీసినవాణ్ణి పట్టుకుంటారు," అన్నాడు బాబాయ్.

"మనవాళ్ళకి కబురు పెట్టలేమా?"

"వాళ్ళకున్నది ఉత్తరం ఒక్కటే. పదకొండు రోజులు పడుతుంది. ఫోన్లు, మెయిళ్ళు, సరిహద్దు గేట్లు, అన్నీ బిగించాం. ఇక మిగిలింది ఒకటే దారి. ఇవాళ పన్నెండింటికి మ్యూజియం నుంచి ఒక పాత రంగుల బొమ్మ ఎగ్జిబిషన్‌కని అటు వెళ్తోంది. రాయబార కార్యాలయం సీలు. ఎల్లుండికి అక్కడుంటుంది. నంబర్లు ఆ బొమ్మలో ఉన్నాయని నికరమైన సమాచారం."

"బొమ్మని ఆపెయ్యండి."

"ఆపితే ఆ సమాచారం ఇచ్చినవాడు చచ్చినట్టే. బొమ్మ వెళ్ళాలి, నంబర్లు వెళ్ళకూడదు." బాబాయ్ కళ్ళు నలుపుకున్నాడు. ఆయనా రాత్రి పడుకున్నట్టు లేదు. "ఎక్స్‌రే తీశారు. ఇన్‌ఫ్రారెడ్, అల్ట్రావయొలెట్ అయ్యాయి. ఫ్రేము విప్పి చూశారు. ఏమీ లేదన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టరమ్మ."

బొమ్మల డాక్టరమ్మని తెలియనివాళ్ళు మ్యూజియంలో లేరు. పాత పెయింటింగులు బాగుచేస్తుంది. ఎర్ర ఫ్రేము కళ్ళద్దాలు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, నడిచొస్తుంటే కాపలావాళ్ళు కూడా నిటారుగా నిలబడతారు. మనకీ పనిచేస్తుంది, అవతలివాళ్ళకీ పనిచేస్తుంది.

"ఆమె నిజంగా ఎవరి మనిషి?"

"ఆమెకే తెలియాలి. కోడ్ అడుగు. 'ఈ బొమ్మకి జ్వరం ఉందా' అను. 'లేదు, నీరసమే' అనాలి." బాబాయ్ సొరుగులోంచి ఒక పెన్ను తీసి బల్ల మీద దొర్లించాడు. "ఇదుంచు. క్యాప్ రెండుసార్లు తిప్పితే సూది వస్తుంది. గుచ్చితే మనిషి ఆరుగంటలు లేవడు."

"రాస్తుందా?"

"రాయదు."

"నాకు అక్కడ సంతకాలు పెట్టించుకునే పని బాబాయ్."

"ఉన్నది అదొక్కటే అబ్బాయ్. తీసుకెళ్ళు."

*

మ్యూజియం మూడో అంతస్తులో ఫోటోల గది. బయటికి వెళ్ళే ప్రతి బొమ్మకీ ఇక్కడ ఫోటో తీస్తారు. బొమ్మ ఏ స్థితిలో వెళ్ళిందో ఆ ఫోటోయే సాక్ష్యం. ఇచ్చేవాళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళు ఇద్దరూ సంతకాలు పెడితే గాని పెట్టె మూత పడదు. ఇరవై రెండేళ్ళుగా ఇది ఫోటోగ్రాఫర్ వేషం. వేషం వేసీ వేసీ అదే అతని పనైపోయింది.

మొత్తం కట్టడంలో కిటికీ ఉన్నది ఈ ఒక్క గదికే, అదీ ఉత్తరం వైపు. దానికి నల్ల కర్టెన్. గదిలోకి రాగానే ఆ కర్టెన్ మూసెయ్యడం అతని మొదటి పని. బయటి వెలుగు గంటగంటకీ రంగు మారుతుంది, దాన్ని నమ్మొద్దు అని నేర్పింది దీపాల మాస్టారు. స్టాండ్ల మీద ఉన్న రెండు దీపాలూ ఆయన సొంత చేత్తో కట్టినవే. మ్యూజియం గదుల్లో, డాక్టరమ్మ లాబ్‌లో, గోదాములో, ఎక్కడ చూసినా ఆయన కట్టిన దీపాలే.

ఆ రోజు అతను కర్టెన్ మూయలేదు. గొప్ప ఆలోచనేం కాదు. మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు, లేవబుద్ధి కాలేదు.

ఎదురుగా ఈజిల్ మీద బొమ్మ. ఒక ఇత్తడి చెంబు, మూడు నిమ్మకాయలు, మడత చెదిరిన గుడ్డ. వెనక గోధుమరంగు గోడ. నూరేళ్ళ కిందటిది. గీసినవాడు ఎవడో గాని చెంబు మీద కిటికీ మెరుపుని ఒకే ఒక్క గీతలో పెట్టాడు. చూస్తూ కూర్చున్నాడు. మబ్బు వెలుగు ఎటూ మొగ్గకుండా బొమ్మంతా సమంగా పడుతోంది.

బొమ్మలోని గోడకి ఏదో అయింది.

అతను కళ్ళు చిట్లించాడు. చెంబు వెనక గోధుమరంగులో అక్కడక్కడా సన్నటి చుక్కలు. అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా. అవీ గోధుమరంగే. కాకపోతే వీసమంత ఆకుపచ్చకి తిరిగిన గోధుమ.

లేచాడు. కర్టెన్ లాగాడు. మాస్టారి దీపాలు రెండూ వెలిగించాడు. గోడ నున్నగా ఉంది. ఒక్క చుక్క లేదు. భూతద్దం పెట్టినా లేదు.

దీపాలు ఆర్పి కర్టెన్ తీశాడు. చుక్కలు.

మళ్ళీ వేశాడు. లేవు.

రెండు వేర్వేరు రంగుల మిశ్రమాలు ఒక దీపం కింద కవల పిల్లల్లా ఉంటాయి. ఇంకో వెలుగులోకి తెస్తే ఒకే ఇంటివాళ్ళలా కూడా ఉండవు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. రంగు ఏ వెలుగులో కలిపారో ఆ వెలుగులోనే సరిపోతుంది.

కర్టెన్ తీసి ఉంచి చుక్కలు లెక్కపెట్టాడు. ఏడు వరసలు. ప్రతి వరసలో నాలుగు గుంపులు. ఏడో వరస కుడివైపు నిమ్మకాయకి పైన ఉంది. నాలుగు చుక్కలు. ఒకటి. ఒకటి. తొమ్మిది.

బ్యాగు పక్కన పెట్టిన పార్సెల్ వైపు చూడాల్సిన అవసరం లేదు. అయినా చూశాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ. చేతిలో దూది చుట్టిన పుల్లల డబ్బా.

"ఈ బొమ్మకి జ్వరం ఉందా?" అన్నాడతను, వెనక్కి తిరక్కుండా.

"ఆ కోడ్ మార్చి రెండు వారాలైంది. మీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదు."

"కొత్తదేమిటో నాకూ చెప్పలేదు." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలు లేకుండా చూస్తే ఆ ముఖం వారం రోజులుగా నిద్రలేని ముఖం. "ఏం చేద్దాం? మొదట్నుంచీ వద్దామా?"

అతను పక్కకి జరిగాడు. ఆమె బొమ్మని చూసింది. చూసి, ఒక అడుగు ముందుకి వేసి ఆగింది. పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది.

"ఇది నా దగ్గర్నుంచి వెళ్ళినప్పుడు లేదు," అంది చివరికి.

"నేనెలా నమ్మాలి?"

ఆమెకి కోపం వచ్చింది. మనిషికి వచ్చే కోపం కాదు, పని తెలిసినవాళ్ళకి వచ్చేది. "నేనే చేసుంటే మీకు ఏ వెలుగులోనూ కనపడదు. రంగు కలపాలంటే మేము పగటి వెలుగులోకి పోతాం. దీపం కింద రంగు కలిపిన బొమ్మల డాక్టరు ఎవరైనా ఉన్నారా? మొదటి ఏడాదే వేళ్ళ మీద కొట్టి నేర్పుతారు. ఇది దీపం కింద కూర్చుని కలిపిన రంగు. దీపాన్ని నమ్మేవాడు కలిపిన రంగు."

ఫోటోగ్రాఫర్ ఆ మాట ముందే అనుకున్నాడు. ఇంకొకరి నోట వినేసరికి స్టూలు మీద కూర్చున్నాడు.

"నీ దగ్గర్నుంచి బొమ్మ ఎక్కడికి వెళ్ళింది?"

"దీపాల పరీక్షకని రెండు రోజులు కింద వర్క్‌షాపులో ఉంది." ఆమె గొంతు తగ్గింది. "మాస్టారి దగ్గర."

పథకం తెలుస్తూనే ఉంది. ఈ కట్టడమంతా మాస్టారి దీపాలే, వాటి కింద చుక్కలు కనపడవు. కిటికీ ఉన్న ఒక్క గదిలో ఫోటోగ్రాఫర్ రాగానే కర్టెన్ మూసేస్తాడు. అవతల బొమ్మని ఏ కిటికీ పక్కన పెట్టినా చాలు, చదువుకోవచ్చు. శిష్యుడి అలవాటు మీద గురువుకున్న నమ్మకం అంతటిది.

"చెరపగలవా?"

"మొత్తం చెరిపితే అటువైపు అనుమానం వస్తుంది. మీవాడెవడో సమాచారం ఇచ్చాడని తెలిసిపోతుంది." ఆమె దగ్గరగా వంగి చూసింది. "చుక్క కలపలేను, ఆ రంగు నా దగ్గర లేదు. తియ్యగలను. కొత్త రంగు స్పిరిట్‌కి కరుగుతుంది, కింద పాతది కరగదు. వరసకి ఒక్క చుక్క తీసేస్తే?"

"నాలుగు మూడవుతుంది."

"ఏడు నంబర్లూ తప్పవుతాయి. ఒక్కోదానికి పది, పదిహేను నిమిషాలు. కింద వార్నిష్ చెదరకూడదు."

గోడ గడియారం ఎనిమిదీ నలభై.

"మొదలుపెట్టు," అన్నాడు.

*

పదింటికి మాస్టారు వచ్చాడు.

డెబ్భై దాటిన మనిషి. ఒక చేతిలో మూడు గిన్నెల క్యారియర్, ఇంకో చేతిలో టార్చి. రిటైరై ఆరేళ్ళైనా కింద వర్క్‌షాపు ఇంకా ఆయనదే, బొమ్మ బయటికి వెళ్ళే రోజు ఆయన్ని పిలుస్తారు. దీపాలు సరిగా ఉన్నాయని ఆయన చెప్పందే అవతలి మనిషి సంతకం పెట్టడు.

గుమ్మంలో ఆగాడు. ఆయన చూపు మొదట కిటికీ మీదికి వెళ్ళింది, తర్వాత బొమ్మ మీదికి, తర్వాత డాక్టరమ్మ చేతిలో పుల్ల మీదికి. పుల్ల చివర దూది గోధుమరంగైంది.

"కర్టెన్ వెయ్యలేదేంరా?" అన్నాడు.

"ఓపిక లేక మాస్టారూ."

ఆయన్ని ఆ నిమిషంలోనే పట్టుకోవచ్చు. కాని ఆయన లేకపోతే వచ్చే మనిషి బొమ్మని ముట్టుకోడు. ఫోటోగ్రాఫర్ జేబులో పెన్ను ఉంది. దాని మీదికి చెయ్యి పోలేదు. ఈ మనిషే అతనికి మొదటి కెమెరా మెడలో వేశాడు. బొమ్మకి ఎదురుగా దీపం పెట్టకు, పక్కన నిలబెట్టు, వెలుగు వార్నిష్ మీద జారి పక్కకి పోవాలి గాని నీ లెన్సులోకి రాకూడదు అని చెప్పి, ఒక గాజుపలకా ఒక టార్చీ ఇచ్చి సాయంత్రం దాకా గదిలో వదిలేశాడు.

ఫోటోగ్రాఫర్ కింద నుంచి పార్సెల్ తీసి బల్ల మీద, మాస్టారి ముందు పెట్టాడు. అడ్రసు పైకి కనపడేలా.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. చదివాడు. ఆయన వేలు ఆ నాలుగంకెల మీద ఒక్కొక్కటిగా నడిచింది, చుక్క పెడుతున్నట్టే.

"ఎవరికిది?"

"మా బావమరిదికి."

"మీ పెళ్ళి ఫోటోల్లో ప్రతిదాన్లోనూ కళ్ళు మూసుకున్నవాడు?"

"వాడే."

"దీపం కళ్ళల్లో కొడుతోందని నన్ను తిట్టాడు."

"వాళ్ళక్క స్వెట్టరు అల్లింది."

మాస్టారు పార్సెల్‌ని జాగ్రత్తగా, వేడి గిన్నెని జరిపినట్టు, బల్ల మధ్యకి జరిపాడు. క్యారియర్ కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ పని ఆపలేదు. గదిలో స్పిరిట్ వాసన. ఐదు వరసలు అయ్యాయి. పదీ ఇరవైకి ఆరు అయ్యాయి.

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. రావాల్సిన టైముకి నలభై నిమిషాలు ముందు.

మాస్టారు లేచాడు. గబగబా వెళ్ళి కర్టెన్ లాగేశాడు. దీపాలు వెలిగించాడు. గోడ నున్నగా అయిపోయింది. డాక్టరమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఏడో వరస అలాగే ఉంది, ఇప్పుడది ఎక్కడుందో కనపడదు.

ఆయన కర్టెన్ తమకోసం వేశాడో, వచ్చేవాడి కోసం వేశాడో ఫోటోగ్రాఫర్‌కి అర్థం కాలేదు.

అవతలి రాయబార కార్యాలయం సూటాయన లోపలికొచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, చేతిలో సీళ్ళ పెట్టె. వెనక పెట్టె మోసే ఇద్దరు కూలీలు గుమ్మంలో ఆగారు. సూటాయన ఈ భాషని పుస్తకాల్లో నేర్చుకున్నాడు.

"శుభోదయము. లారీ సిద్ధముగా నున్నది. ఛాయాచిత్రము ముగిసినదా?"

"ఇప్పుడే మొదలు," అన్నాడు ఫోటోగ్రాఫర్.

"ఆలస్యము ఎందులకు?"

"వార్నిష్ మెరుస్తోందండి."

అతను కుడివైపు స్టాండు దగ్గరికి వెళ్ళాడు. దీపాన్ని పక్క నుంచి లాక్కొచ్చి తిన్నగా బొమ్మ ముందు పెట్టాడు. మొదటి రోజు నేర్చుకునేవాడు కూడా పెట్టని చోట. నిమ్మకాయ పైన గోడ మీద తెల్లటి మెరుపు పెద్ద మరకలా లేచింది.

"ఇదిగో, చూశారా? డాక్టరమ్మా, ఇక్కడ వేలిముద్రో ఏదో ఉంది. తుడవండి."

సూటాయన ముందుకి వంగాడు. కళ్ళు చిన్నవయ్యాయి. మూర్ఖుడు కాదు. "ఇది దీపము వలన వచ్చినది కాదా?"

"దీపాలు నావి కావండి. ఆయన్నే అడగండి."

సూటాయన మాస్టారి వైపు తిరిగాడు. ఈ గదిలో అతను నమ్మే మనిషి ఆయనొక్కడే.

"పెద్దవారు చెప్పండి. ఇది దీపమా, మరకయా?"

మాస్టారు తప్పుగా పెట్టిన దీపం వైపు చూశాడు. శిష్యుడి వైపు చూశాడు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ కిర్రుమంటోంది. కింద లారీ హారన్ మోగింది.

"మరకే," అన్నాడు మాస్టారు. "తుడవకపోతే రేపు మీవాళ్ళే మావాళ్ళ మీద రాస్తారు."

డాక్టరమ్మ కొత్త దూది చుట్టింది. స్పిరిట్‌లో ముంచింది. బొమ్మ మీదికి వంగింది. చెయ్యి నిమ్మకాయ పైన తచ్చాడుతోంది. మెరుపు కింద ఏమీ కనపడదు. గుర్తు మీద వెళ్తే పక్కన వార్నిష్ చెదిరిపోవచ్చు. ఒక్క చుక్క. అది ఎక్కడ? ఆమె తల తిప్పకుండా కళ్ళు మాత్రం ఫోటోగ్రాఫర్ వైపు తిప్పింది.

"ఈ లోపల మీరు సంతకం పెట్టెయ్యండి," అని అతను ఫారం తెచ్చి గది మూల ఉన్న బల్ల మీద పరిచాడు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

సూటాయన వంగి రాయబోయాడు. గీత పడలేదు. విదిలించాడు. మళ్ళీ గీశాడు. క్యాప్ పట్టుకుని ఒకసారి తిప్పాడు.

"క్యాప్ తిప్పకండి, ఊడిపోతుంది," అన్నాడు ఫోటోగ్రాఫర్ కంగారుగా. ఆ రోజు అతను నటించకుండా అన్న మాట అదొక్కటే.

సూటాయన విసుక్కుని దాన్ని పక్కన పడేసి సొంత పెన్ను తీశాడు. ఫారం మీదికి వంగాడు. దీపాలన్నీ బొమ్మ వైపు తిరిగి ఉన్నాయి, మూలంతా మసక. "ఇచట వెలుతురు చాలదు. సంతకము ఎచట?"

"ఉండండి, నేను చూపిస్తా," అన్నాడు మాస్టారు.

టార్చి ఆయన పక్కనే ఉంది. దాన్ని తీసుకోలేదు. కిటికీ దగ్గరికి నడిచాడు. నలభై ఏళ్ళుగా ఎవరు తీసినా చేతి మీద కొట్టిన కర్టెన్ అంచు పట్టుకుని, జానెడు పక్కకి లాగాడు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో చేత్తో ఎదురుగా ఉన్న దీపాన్ని, సర్దుతున్నట్టే, ఎప్పుడూ ఉండాల్సిన పక్కకి తోసేశాడు.

మెరుపు పోయింది. బూడిదరంగు మబ్బు వెలుగు ఒక పట్టీలా గదిలోకి పడింది. ఫారం మీద పడింది. ఫారం దాటి నిమ్మకాయ మీద, దాని పైన గోడ మీద.

నాలుగు చుక్కలు. ఒకటి. ఒకటి. తొమ్మిది.

"అదిగో, అడుగున గీత ఉంది చూడండి. ఆ గీత మీద," అంటున్నాడు మాస్టారు.

సూటాయన రాస్తున్నాడు. అతని పేరు పొడవైంది. పావుగంట ఆగే వీల్లేదు, డాక్టరమ్మ దూది ఒకసారి దొర్లింది, రెండోసారి దొర్లింది. నాలుగు మూడయ్యాయి. సూటాయన చివరి అక్షరం కింద గీత గీసి తల ఎత్తేలోపల కర్టెన్ మూతపడింది.

అతను బొమ్మ వైపు చూశాడు. నున్నటి గోధుమరంగు గోడ. "మరక పోయినది," అన్నాడు మెచ్చుకోలుగా.

"పోయింది," అంది డాక్టరమ్మ.

ఫోటోగ్రాఫర్ కెమెరా వెనక్కి వెళ్ళాడు. దీపాలు చెరొకవైపు, నలభై ఐదు డిగ్రీల్లో, సమంగా. షట్టర్ నొక్కాడు. బొమ్మని కాగితంలో చుట్టారు, పెట్టెలో దించారు, మూత వేశారు. పన్నెండు మరలు. ఎర్ర సీలు. కూలీలు పెట్టె ఎత్తుకున్నారు. సూటాయన గుమ్మంలో ఆగి మాస్టారికి ప్రత్యేకంగా తల వంచాడు. మాస్టారు కూడా వంచాడు.

లారీ చప్పుడు మలుపు తిరిగేదాకా ముగ్గురూ వింటూ నిలబడ్డారు.

*

ఫోన్‌లో బాబాయ్ చుక్కలు తీశాక మిగిలిన కొత్త నంబర్లు రాసుకుని, అవతలి దేశపు డైరెక్టరీ తిరగేసినట్టున్నాడు. "ఒకటి పళ్ళ డాక్టరుదిరా. ఇంకోటి తేనెటీగలు పెంచేవాళ్ళ సంఘం. మూడోది వాళ్ళ పోలీసు శాఖదే, యూనిఫారాల ఫిర్యాదులకి." చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు. నవ్వు వెంటనే ఆగిపోయింది. "ఎవరు చేశారు?"

ఫోటోగ్రాఫర్ చెప్పాడు.

బాబాయ్‌కి కూడా మొదటి కెమెరా ఆ చేతుల్లోంచే వచ్చింది. "కారు పంపిస్తున్నా," అన్నాడు చివరికి.

"అరగంట ఆగి పంపండి."

"ఎందుకు?"

"భోజనాల వేళ."

డాక్టరమ్మ పుల్లలన్నీ ఏరుకుని డబ్బాలో వేసుకుంది. మాస్టారి ముందు ఒక్క క్షణం ఆగింది. "దీపం కింద రంగు కలిపారు," అంది. అది నేరమో, జాలో తెలియని గొంతు. వెళ్ళిపోయింది.

మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు కర్టెన్ పూర్తిగా తీసి ఉంది. బయట మబ్బు అలాగే ఉంది.

"డబ్బు కాదురా," అన్నాడు, అడక్కుండానే.

"అనుకోలేదు."

"ఒకతను వారానికోసారి వచ్చేవాడు. కూర్చునేవాడు. ఈ డయోడ్ ఎందుకు ఎంచారు, ఆ గాజు ఎందుకు వేశారు అని అడిగేవాడు. చెప్పింది రాసుకునేవాడు. రెండేళ్ళు వచ్చాడు. అప్పుడు అడిగాడు, మీ దీపం కింద కనపడని రంగు కలపగలరా అని." అరచేతులు చూసుకున్నాడు. "కలపగలనని చూపించాలనిపించింది. ఎందుకో తెలీదని అనను. తెలుసు. మనుషులు పోతారనీ తెలుసు. ఆ మనుషులకి ముఖాలుంటాయని అనుకోలేదు."

ఫోటోగ్రాఫర్ కిటికీ వైపు చూశాడు.

"నువ్వు వర్క్‌షాపుకి దిగి ఎన్నాళ్ళైందిరా?"

లెక్క అతనికి తెలుసు. మూడేళ్ళ పైన. రెండు అంతస్తుల మెట్లు.

మాస్టారు క్యారియర్ బల్ల మీదికి ఎత్తాడు. కొక్కెం తీశాడు. గిన్నెలు ఒక్కొక్కటిగా దించాడు. అన్నం, బంగాళాదుంప కూర, పెరుగు. ఇద్దరికి సరిపడా ఉంది. వెనకటి రోజుల్లో ఇద్దరూ ఇక్కడే తినేవారు. ఆ కొలత ఆయన మార్చుకున్నట్టు లేదు.

ఫోటోగ్రాఫర్ పార్సెల్‌ని అన్నం తగలకుండా కిటికీ గట్టు మీద పెట్టాడు. స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. మాస్టారు మూతలో అన్నం పెట్టి అతని వైపు జరిపాడు.

ఇద్దరూ తిన్నారు. గిన్నెలకి నీడలు లేవు. చేతులకీ లేవు. కింద కారు వచ్చి ఆగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది, ఎవరూ తల ఎత్తలేదు.

కూరలో ఉప్పు తక్కువైంది. ఆ పూటకి బయటపడాల్సినవన్నీ పడ్డాయి కనక, అదొక్కటి ఇద్దరూ దాచుకున్నారు.